ఆకువక్క మోసిన గాలి ఓడ

కళ్యాణదుర్గం ఆకాశంలో గాలి ఓడను నడిపిన మొదటి మనిషిని నేను. రెండోవాడు ఇంతవరకు పుట్టలేదు. మూడు నిలువుల పొడవు, వెండిలా మెరిసే ఒళ్ళు, చెరొక పక్క ఒక మోటారు. నేను కింద నిలబడి చేతిలోని డబ్బా మీద మీట నొక్కితే చాలు. మధ్యలో తీగ లేదు, దారం లేదు, అంత పెద్ద జంతువు నా మాట వినేది. అది లేచిన పూట బస్టాండులో బస్సులు కదల్లేదు. బండ్ల ఎద్దులు మెడలెత్తి చూశాయి. ఒక పెద్దమనిషి రెండు చేతులూ ఎత్తి దానికి దండం పెట్టాడు.

ఈ మాటలు నేను ఏళ్ళ తరబడి చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ ఓడ ఒక మూర పెరిగింది. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కొంచెం గాలి తీయక తప్పదు. అంతా ఒకేసారి తీస్తే మిగిలేది ఖాళీ సంచే. అందుకని మెల్లమెల్లగా తీస్తాను.

ఎనభైల నడుమ సంగతి ఇది. బస్టాండు వెనక నాకో చిన్న అంగడి ఉండేది. రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసేవాణ్ణి. వయసు ముప్పైకి దగ్గర పడుతున్నా పెళ్ళి కాలేదు. పిల్లనిచ్చేవాళ్ళు వచ్చేవాళ్ళు, బల్ల మీద పేగులు బయటపడి ఉన్న రేడియోలను చూసేవాళ్ళు, మా అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. మళ్ళీ కబురు ఉండేది కాదు.

"రేయ్, వచ్చినోళ్ళ ముందర ఒక్క రేడియో అన్నా పాడేట్ల పెట్టుకోరా," అనేది అమ్మ. "అన్నీ సచ్చినవే కనపడితే పిల్లనెట్ల ఇస్తారు?"

అట్లా ఉండగా ధర్మవరంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. పంక్తిలో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. మగ్గం మనిషని చేతివేళ్ళే చెబుతున్నాయి.

"ఏం పని చేస్తావప్పా?" అని అడిగాడు.

"రేడియోలు రిపేరీ చేస్తా మామా."

ఆయన "ఊ" అని పాయసం వైపు తిరిగాడు. ఆ "ఊ" నాకు గుచ్చుకుంది.

"అది కడుపుకు మామా. అసలు పని వేరే ఉండాది. గాలి ఓడలు చేస్తా. రేడియోతో నడుస్తాయి."

పాయసంలో చెయ్యి ఆగింది. "గాలి ఓడ అంటే?"

"బెలూను మాదిరి ఉంటాది. పొడుగ్గా. మోటార్లు ఉంటాయి. యాడికి పొమ్మంటే ఆడికి పోతాది."

ఇంకో మనిషైతే అది నిజంగా ఎగురుతుందా అని అడిగేవాడు. ఈయన ధర్మవరం మనిషి. "దానికి బట్ట ఏందేస్తావు?" అన్నాడు.

"పట్టు," అన్నాను.

ఆ క్షణానికి నేను గాలి ఓడను చూసింది ఒకే ఒక్క చోట, రేడియో సామాను చుట్టి వచ్చిన పాత పత్రిక కాగితం మీద. అందులోనూ సగమే ఉంది. మిగతా సగం చినిగిపోయింది.

"పట్టా!" అన్నాడాయన. వడ్డించేవాణ్ణి పిలిచి నా ఆకులో ఇంకో లడ్డు వేయించాడు. "నాకొక కూతురుండాది. పట్టు విలువ తెలిసినోనికే ఇస్తా. బట్ట నేను పంపిస్తా. ఓడ ఎగిరేది నా కండ్లకు చూపీ. ఎగిరినాక మాట్లాడుకుందాం."

ఆ కూతురు అప్పుడు చారు వడ్డిస్తూ మా వరసలోనే ఉంది. మాటలన్నీ విన్నట్టుంది. నా దగ్గరకు వచ్చి ఆగింది. "ఆకు పట్టుకోప్పా," అంది, "ఓడకంటే ముందర అదెగిరిపోతాండాది." ఫ్యాను గాలికి నా ఆకు కొస నిజంగానే లేస్తోంది. చేత్తో నొక్కిపట్టాను. చారు నా వేళ్ళ మీద పోసింది. కావాలనే పోసిందని ఇప్పటికీ నా నమ్మకం.

వేళ్ళు కాలుతుండగానే నిశ్చయం చేసుకున్నాను. చేసుకుంటే ఈమెనే. ఓడ ఎగిరితే పెళ్ళి, ఎగరకపోతే మళ్ళీ మజ్జిగ.

కొన్నాళ్ళకు బస్సు కండక్టరు చేతికిచ్చి బట్ట పంపాడు పెద్దాయన. నేసేటప్పుడు మధ్యలో పోగులు తెగి చీరకు పనికిరాకుండా పోయిన పట్టు. నెమలికంఠం రంగు. దాన్ని చూసి అమ్మ, "ఇంత మంచి గుడ్డను గాలికిడుస్తావా, నాకు రెండు రైకలన్నా కాకపోతాయా?" అంది. అయినా కూర్చుని కుట్టిపెట్టింది.

గ్యాసు కోసం బుడగల భాయ్‌ని పట్టుకున్నాను. ఉరుసులకు, జాతరలకు ఇనుప పీపా పెట్టుకుని గ్యాసు తయారుచేసి బుడగలు అమ్మే మనిషి. అది మంట సోకితే భగ్గుమనే గ్యాసు. భాయ్‌కి కనుబొమలు ఉండేవి కావు. ఆ పనిలో ఆయన అనుభవానికి అదే గుర్తు. అబద్ధాలలో నాకు సరిజోడు. బుడగలు కట్టి మేకపోతును మసీదు మినారు దాకా లేపానని ప్రమాణం చేసేవాడు.

"మరి మేక ఎట్ల దిగింది భాయ్?"

"దిగలేదు తమ్ముడూ. అందుకే సాక్ష్యం లేదు."

పట్టు సంచిలోకి భాయ్ గ్యాసు పట్టాడు. పట్టినంతా పట్టుపోగుల సందుల్లోంచి జల్లెడలో నీళ్ళలాగా పోయింది. సంచి మెల్లగా ఉబ్బి, సిగ్గుపడ్డట్టు మళ్ళీ ముడుచుకుంది. సంగతి కండక్టరు ద్వారా ధర్మవరానికి చేరింది. మర్నాడే కబురు వచ్చింది: "గంజి పెట్టమను."

ధర్మవరంలో దేనికైనా మందు గంజే. పోగు తెగితే గంజి, చీర నిలబడకపోతే గంజి. ఆ రోజు ఆ సలహా నాకు వేదవాక్కులా తోచింది. సగ్గుబియ్యం గంజి కాచి లోపలా బయటా రెండు పూతలు పూశాం. గ్యాసు నిలిచిన మాట నిజం. కానీ గంజి బరువుకు ఓడ లేవలేదు. ఇస్త్రీ చేసిన ఖద్దరు చొక్కాలా బిర్రబిగుసుకుని కూర్చుంది, ముట్టుకుంటే అప్పడంలా పటపటమంది. మా ఊరి ఎండకు గంజి నల్లరేగడి నేలలా నెర్రెలు విచ్చింది. మిగిలిన గంజికి చీమలు వచ్చాయి. ప్రపంచంలో గాలి ఓడలు కూలడానికి నానా కారణాలు ఉంటాయి. చీమలు తిన్న ఓడ మాత్రం నాది ఒక్కటే అయి ఉంటుంది. ఇందులో అతిశయోక్తి లేదు.

పట్టు పోయాక యూరియా సంచుల లోపలి కవర్లు పట్టుకున్నాను. పలుచన, గ్యాసు పోదు, అడిగితే ఊరికే ఇస్తారు. వాటిని చీల్చి అంచు మీద అంచు పెట్టి, మధ్యలో వార్తాపత్రిక పరిచి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో అతికించాను. వేడి ఎక్కువైతే కరిగి బొక్క, తక్కువైతే ఊడిపోతుంది. రెండింటి నడుమ చిటికెడు సందు ఉంది, అది చేతికి తెలియాలి. తెలిసేలోపు చాలా సంచులు తగలబెట్టాను. పత్రిక సిరా మాత్రం కవరుకు అంటుకుంది. అందువల్ల నా ఓడ పొట్ట మీద కరువు వార్తలు తిరగేసిన అక్షరాలతో ఉండేవి. వెండిలా మెరిసిందని పైన రాశాను. వెండి కాదు, పల్చటి మజ్జిగ రంగు.

మొదటి సంచిని చేనులో పరీక్ష చేశాం. అది ఆషాఢం. ఆ గాలికి మా పక్క పంచె కట్టుకుని వీధిలో నడవడమే ఒక విద్య. భాయ్ మూతి కట్టే లోపల గాలి దాన్ని ఎత్తుకుపోయింది. ధర్మవరం దిక్కుగా పోయింది, నాకంటే ముందు వెళ్ళి సంబంధం మాట్లాడుకోవడానికన్నట్టు. అప్పుడు తెలిసింది, నా ఓడకు ఆకాశం పనికిరాదని.

అంగడి వెనకే ఒక వ్యాపారి శనక్కాయల గోడౌను ఉంది. ఆ ఏడు వానల్లేవు. కాయ చేనులోనే ఎండింది, గోడౌను ఖాళీ. రేకుల కప్పు, నాలుగు గోడలు, గాలి చొరబడని తలుపులు. పంట పండి ఉంటే నా ఓడకు చోటుండేది కాదు. అప్పట్లో ఈ మాట ఏ రైతు ముందూ అనలేదు, నాకూ ప్రాణం తీపే.

కాబట్టి మొదటి వాక్యంలో ఆకాశం అన్నది గోడౌను అని చదువుకోండి. బస్సులు కదలకపోవడం నిజమే. డ్రైవర్లు అన్నానికి పోయారు.

ఇక మోటార్లు. ముందు లారీ అద్దం తుడిచే మోటారు తెచ్చాను. దాని బలం చూసి మురిసిపోయాను. తక్కెట్లో పెట్టాక ఆ మోటారును లేపాలంటే గోడౌనంత బెలూను కావాలని తేలింది. తర్వాత నా అంగట్లో దండిగా ఉన్న టేపురికార్డరు మోటారు పట్టుకున్నాను. పిడికిట్లో ఇమిడేది, చప్పుడు చేయదు, కొత్త కోడలిలా ఒద్దికగా తిరుగుతుంది. ఆ ఒద్దికే దాని జబ్బు. పాట సాగకుండా, పరుగెత్తకుండా ఒకే వేగంతో తిరగడానికి దాని లోపల కట్టడి పెట్టి ఉంటారు. సెల్లులు ఎన్ని ఎక్కువ పెట్టినా దాని నడక దానిదే. రెక్క తగిలించి చూస్తే జోగుతున్న ముసలమ్మ విసనకర్ర ఊపినంత గాలి వచ్చింది.

అమ్మ మొహం దగ్గర పెట్టుకుని చూసింది. "ఓడకు పనికిరాదు గానీ, ఉక్కపోసినప్పుడు నాకియ్యి," అంది.

చివరికి దిక్కయింది కువైట్ కారు. కువైట్‌లో డ్రైవరు పని చేసి వచ్చిన ఒకాయన ఇంట్లో పిల్లలకు రేడియోతో నడిచే బొమ్మకారు తెచ్చాడు. వాళ్ళ ఎనుము దాన్ని తొక్కింది. బాగుచేయమని నా దగ్గరకు తెచ్చాడు. అయ్యే రకం కాదని చెబితే, "నీ తానే పెట్టుకోప్పా" అని వదిలి వెళ్ళాడు. కారు ఒళ్ళు పచ్చడయింది గానీ లోపలి పలక, చేతి డబ్బా, మోటారు ప్రాణంతో ఉన్నాయి. ఆ మోటారుకు జతగా బెంగళూరు ఆదివారం సంతలో ఇంకొకటి వెతికి తెచ్చాను. ఒక్కొక్కటి వక్కంత. తిప్పితే కందిరీగే. సెల్లులు తినడంలో మాత్రం మేకల మంద.

రెక్కలకు రేకు కత్తిరిస్తే వేలు తెగింది. పెద్దాసుపత్రి వెనక పారేసిన ఎక్స్‌రే ఫిల్ములు దొరికాయి. తేలిక, వంచిన వంపు నిలుస్తుంది. వాటిలో ఎవరివో ఊపిరితిత్తులు ఉన్నాయి. ఆ మనిషి ఏమయ్యాడో తెలియదు గానీ ఆయన ఊపిరితిత్తులు నా ఓడలో గాలిని బాగానే తోశాయి. మోటార్లు కట్టే చట్రానికి కిత్తనార గడ వాడాను. గట్ల మీద పెరిగే ముళ్ళ ఆకుల కిత్తనార మొక్క చచ్చే ముందు ఆకాశానికి ఒక గడ వేస్తుంది. అది ఎండితే చేతిలో ఉందో లేదో తెలియనంత తేలిక. సెల్లులు పెట్టే బుట్ట జొన్నదంటు బెండుతో చేశాను, చిన్నప్పుడు బండ్లు చేసుకున్నట్టే. పెద్దాయన పట్టులో చీమలు తినని ముక్క కొంచెం మిగిలింది. దాన్ని తోకకు అతికించాను.

కువైట్ కారుకు తెలిసిన బుద్ధులు రెండే. మీట వదిలేస్తే ముందుకు, నొక్కితే వెనక్కి. నిలబడడం అనేది దానికి ఎవరూ నేర్పలేదు. నేల మీద కారైతే గోడ తగిలి ఆగుతుంది. గాలిలో ఏం తగిలి ఆగాలి? అది నేను ఆలోచించలేదు. వచ్చే పెద్దమనిషికి ఓడ చేతే ఆకువక్క ఇప్పించాలన్న సంబరంలో ఉన్నాను.

మా పక్క అమ్మాయి తండ్రి చేయి చాచి ఆకువక్క తీసుకున్నాడంటే మాట ఇచ్చినట్టే. అందుకే ఆ ఆలోచన అమ్మకు నచ్చింది. మరీ నచ్చింది.

"టెంకాయ కూడా పెట్టరా."

"లేవదమ్మా."

"టెంకాయ లేని తాంబూలం యాడన్నా ఉండాదా? చిన్నది చూసి పెట్టు."

"పసుపు కొమ్ము పెడితేనే మూలుగుతాండాది."

"అయితే ఇంగ కొంచెం గ్యాసు పట్టించు. భాయ్ మేకను లేపినాడంట కదా!"

రెండు తమలపాకులు, ఒక వక్క పలుకు దగ్గర బేరం కుదిరింది. బరువు సరిచూడడానికి గుడ్డసంచిలో శనక్కాయలు వేసి బుట్ట కింద కట్టాం. ఒక కాయ తీస్తే ఓడ లేచేది, ఒకటి వేస్తే దిగేది. భాయ్ చూడకుండా ఒకటి నోట్లో వేసుకున్నా ఓడ చెప్పేసేది.

ఓడ చూపించాల్సిన రోజు మధ్యాహ్నం బస్సుకు తండ్రీకూతుళ్ళు దిగారు. పెళ్ళికూతురు అట్లా రావడం ఆచారం కాదు. నా గాలి ఓడను చూడాలని ఆమే పట్టుబట్టి వచ్చిందని నేను అర్థం చేసుకున్నాను. ఆమె గోడౌనులోకి వచ్చి ఒకసారి ఓడను, ఒకసారి నన్ను, ఒకసారి కనుబొమలు లేని భాయ్‌ని చూసి, గోడ పక్కన నిలబడింది.

పెద్దాయన ఓడ చుట్టూ తిరిగాడు. "నా బట్ట ఏదప్పా?"

"తోకకు పెట్టినా మామా."

"తోకకా? నా పట్టు తోకకు, యూరియా సంచి ఒంటికా?"

"తోకే మామా దారి చూపేది," అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట! ఆయన కొంచెం చల్లబడి జేబులోంచి బీడీ తీశాడు.

భాయ్ అప్పటికే తలుపు అవతల ఉన్నాడు. కాబోయే మామను బీడీ తాగొద్దని చెప్పే నోరు ఏ అల్లుడికైనా ఉంటుందా? అమ్మే కొంగు సర్దుకుని ముందుకొచ్చింది.

"అన్నా, ఈడ బీడీ అంటిస్తే సంబంధం మాట్లాడేకి ఎవురూ మిగలరు. అందరమూ రేకులతో సహా పైకి పోతాం."

ఆయన బీడీని చెవి మీద పెట్టుకున్నాడు.

మోటార్లు వేశాను. ఎక్స్‌రే పక్కటెముకలు గిర్రుమన్నాయి. ఓడ కదిలింది. మూడు నిలువులు అన్నాను కదా, రెండు. సరే, ఒకటిన్నర. కానీ అది నేల విడిచి, మనిషి నడిచినంత మెల్లగా, తల ఎత్తు మీద, కరువు వార్తలు మోసుకుంటూ పోతూంటే నాకు మాత్రం మూడు నిలువులే కనిపించింది. బుట్టలో పచ్చగా రెండు ఆకులు. పెద్దాయన మొహం విచ్చుకుంది. రెండు చేతులూ ఎత్తి చాచాడు. దండం పెట్టాడని మొదట్లో రాసింది ఇదే.

ఓడ ఆయన చేతుల దాకా వచ్చింది. ఆగకుండా మొహం మీదికి పోతుందని కంగారుపడి మీట నొక్కాను. అది వెనక్కి తిరిగింది. ఆకువక్కతో సహా.

మీట వదిలాను. ముందుకొచ్చింది. ఆయన మళ్ళీ చేతులు చాచాడు. ముక్కుకు జానెడు దూరంలో ఉండగా మళ్ళీ నొక్కాను. మళ్ళీ వెనక్కి.

"ఏమప్పా!" గోడౌను అదిరింది. "ఆకువక్క చూపిచ్చి ఎనక్కి తీసుకుంటావా? మా ఇంటా వంటా ఇట్లాంటి మర్యాద చూసినామా?"

"నేను తీసుకోలేదు మామా, అది కువైట్ కారు..."

"కారు ఏంది? యాడుండాది కారు?"

"ఎనుము తొక్కినాది అన్నా," అని అమ్మ సర్దిచెప్పబోయింది. ఆయన కోపం రెండింతలయింది. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం కంటే పెద్ద అపశకునం మా వాళ్ళలో లేదు. ఆయన చెప్పులు వెతుక్కుంటున్నాడు. నా కళ్ళ ముందు మజ్జిగ గ్లాసు కనిపించింది.

అప్పుడు ఆమె కదిలింది. గోడ దగ్గర నుంచి రెండంగల్లో వచ్చి, వెనక్కి వస్తున్న ఓడను తోక పట్టుకుని ఆపింది. తన తండ్రి నేసిన పట్టు ఆమె పిడికిట్లో. మోటార్లు గింజుకున్నాయి, ఆమె వదల్లేదు. బుట్టలోంచి ఆకులూ వక్కా తీసి తండ్రి చేతిలో పెట్టి, "తీసుకో నాయనా" అంది. ఆయన ఆమె మొహం చూశాడు, నన్ను చూశాడు, ఆకులు నోట్లో వేసుకుని నమిలాడు. అమ్మ ఏడ్చింది. భాయ్ తలుపు సందులోంచి "ముబారక్" అన్నాడు. నా ఓడను చూసి, దాన్ని చేసినవాణ్ణి చూసి మనసుపడ్డ ఆడపిల్ల తెగువ అది. గాలి ఓడ కుదిర్చిన పెళ్ళి మాది.

ఇంతవరకు రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె చేటలో చింతపండు గింజలు తీస్తూ అంతా వింది. గంజి దగ్గర నవ్వింది. చివరి మాటల దగ్గర చెయ్యి ఆపింది.

"గాలి ఓడ చూసేకి ఎవురొస్తారప్పా అంత దూరం?" అంది. "నన్ను ఇచ్చేది కళ్యాణదుర్గానికి. కరువు సంవత్సరం. బిందె ఎత్తుకుని తిరగాల్సింది నేను, మా నాయన గాదు. అందుకని మీ వీధి బోరింగు చూసేకి వచ్చినా. బస్సు దిగి ముందర ఆడికే పోతిమి. నేనే కొట్టి చూసినా, తాగి చూసినా. నీళ్ళు ఉండాయి, ఉప్పు ల్యాదు. సరే నాయనా అని ఆడనే చెప్పేసినా. నువ్వు, నీ భాయ్ లోపల గ్యాసు పడతాంటిరి."

"మరి తోక పట్టుకున్నది?"

"ఆకరి బస్సుకు టైమయిపోతాంటే పట్టుకోక ఏం జేస్తారు? నువ్వు దాన్ని ముందుకూ ఎనక్కీ తిప్పుతానే ఉంటివి. ఇంగ రెండుసార్లు తిప్పింటే మా నాయన నిజంగానే వద్దనేసేవాడు."